డ్రైవ్‌వేకి సీలర్ వేసే ముందు డబ్బా చదవండి

మార్ష్‌మెలో ప్యాకెట్ కొనాలన్నా జెలటిన్ ఉందేమోనని వెనక్కి తిప్పి చదివే వాళ్లం మనం. డ్రైవ్‌వే మాట వచ్చేసరికి మాత్రం "అది ఆయన చూసుకుంటారులే" అనేస్తాం. ఈ వేసవిలో ఆ సీలర్ డబ్బా కూడా ఒకసారి తిప్పి చదవండి. ఎందుకో చెబుతాను.

ముందు, అసలు సీలింగ్ ఎందుకంటే: ఎండకీ గాలికీ ఆస్ఫాల్ట్‌లో జిగట తగ్గి పెళుసుబారుతుంది, సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోకి దిగిన నీళ్లు చలికాలంలో గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్‌లో నిండా నీళ్లు పోసిన గాజు సీసా పగిలేదీ ఇందుకే. ఆ నీళ్లు లోపలికి దిగకుండా కాపాడేదే సీలర్ పూత.

ఇక అసలు విషయం. మన భాషలో నల్లగా జిగటగా ఉండేదంతా తారే. కానీ సీలర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి పెట్రోలియం నుంచి వచ్చే ఆస్ఫాల్ట్‌తో చేసేది. రెండోది బొగ్గు నుంచి వచ్చే కోల్‌ తార్‌తో చేసేది. ఈ రెండో దానిలో పీఏహెచ్‌లనే రసాయనాలు మొదటి దానికంటే దాదాపు 1000 రెట్లు ఎక్కువని అమెరికా జియలాజికల్ సర్వే చెబుతోంది. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. టైర్ల రాపిడికి పూత పొడిగా లేచి, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. ఆస్టిన్‌లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు చూస్తే, కోల్‌ తార్ పూసిన పార్కింగ్ పక్కన ఉన్న ఇళ్ల దుమ్ములో పీఏహెచ్‌లు 25 రెట్లు ఎక్కువ కనిపించాయి. నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. ఆస్టిన్ నగరం 2006లోనే దీన్ని నిషేధించింది. తర్వాత వాషింగ్టన్, మిన్నెసోటా రాష్ట్రాలూ ఆపేశాయి. చాలాచోట్ల ఇంకా వాడుతూనే ఉన్నారు.

కాబట్టి డబ్బా మీద "కోల్‌ తార్" అనే మాట గానీ, సేఫ్టీ డేటా షీట్‌లో 65996-93-2 అనే నంబరు గానీ ఉంటే వద్దనండి. మనిషిని పెట్టి చేయిస్తుంటే, డబ్బులు ఇచ్చే ముందే ఏ సీలర్ వాడతారో రాసిమ్మని అడగండి. "పక్క వీధిలో పని చేశాం, మెటీరియల్ మిగిలింది, సగం ధరకే వేస్తాం" అని తలుపు తట్టే వాళ్లను నమ్మకండి.

మీరే వేస్తారా? ఇవి గుర్తుంచుకోండి:

• కొత్త ఆస్ఫాల్ట్ అయితే కనీసం ఆరు నెలలు ఆగండి.
• గడ్డి పీకి, నూనె మరకలు సబ్బుతో కడిగి, పగుళ్లు ముందే పూడ్చి ఆరనివ్వండి.
• రాత్రి కూడా 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గని, 24 గంటలు వాన లేని రోజులు చూసుకోండి.
• డబ్బాను అడుగు దాకా కలపండి, ఇసుక కింద పేరుకుని ఉంటుంది.
• గరాజ్ వైపు మొదలుపెట్టి వీధి వైపు రండి. మందంగా ఒక్కసారి కాక, పల్చగా రెండుసార్లు వేయండి.
• ఒకటి రెండు రోజులు కారు వీధిలోనే ఉంచండి.

ప్రతి ఏడూ వేస్తే పూత దళసరై పెచ్చులూడుతుంది. రెండు మూడేళ్లకోసారి చాలు.

ఇల్లు కొన్నప్పుడే పాత పూత ఉంటే, అదేమిటో మనకు తెలియదు. అలాంటప్పుడు చెప్పులు గుమ్మం బయటే వదిలే మన అలవాటు గరాజ్ తలుపు దగ్గర కూడా పాటించండి. పిల్లలు చాక్‌తో ముగ్గులేసి ఆడుకుని రాగానే చేతులూ కాళ్లూ కడిగించండి.