కోడి ఒకటే, పేర్లు అనేకం

ఇప్పుడు మన ఇళ్ళల్లో "చికెన్" అన్న ఒక్క మాటతోనే పని జరిగిపోతున్నది. కొనేవారు కిలో చికెన్ అంటారు, అంగడివాడు కిలో చికెన్ కొట్టి ఇస్తాడు. అది పెట్టో పుంజో, లేతదో ముదురుదో అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు. ఫ్రెంచివారు మాత్రం ఈ ఒక్క పక్షికి అరడజను పేర్లు పెట్టుకున్నారు. ఆ పేరును బట్టే ధర, ఆ పేరును బట్టే వంట. వారు మనకు బొత్తిగా పరాయివారు కూడా కారు. 1954 దాకా మన తెలుగు యానాం వారి ఏలుబడిలోనే వున్నది గదా!

వారి లెక్క వినండి. కొన్ని వారాల పసి పుంజు "కోక్లె". కొన్ని నెలల లేత కోడి "పూలే". ఈ రెండూ కాల్చుకోవడానికి బాగుంటాయి. ఇంకా గుడ్డు పెట్టని పెట్టను బాగా మేపి కొవ్వు పట్టిస్తే "పులార్డ్". విత్తులు తీసి మేపిన పుంజు "షపోఁ". ఈ రెండూ పండుగ కోళ్ళు. గుడ్లు పెట్టి అలసిన పెట్ట "పూల్". దాన్ని కూరగాయలతో గంటల తరబడి వుడికించవలసిందే. ముదురు పుంజు "కోక్"; అది ద్రాక్షసారాయిలో మెల్లగా మగ్గుతుంది.

ఫ్రాన్సులో బ్రెస్ అనే సీమ కోళ్ళకు పెట్టింది పేరు. తెల్ల యీకలు, ఎర్ర జుట్టు, నీలి కాళ్ళు వాటి గుర్తులు. ఒక్కొక్క కోడికి పది చదరపు మీటర్ల పచ్చిక వుండాలి. చివరి వారాల్లో చెక్కగూళ్ళలో వుంచి మొక్కజొన్న, పాలు పెట్టి మేపుతారు. పులార్డ్‌కు అయిదు నెలలైనా నిండాలి, షపోఁకు ఎనిమిది. 1957లో ఆ పేరుకు చట్టమే చేశారు. పెంచిన రైతు పేరున్న కడియం కాలికి లేనిదే దాన్ని బ్రెస్ కోడి అని అమ్మరాదు.

మనకు మాటల కరువా? కాదు. పెయ్య, పడ్డ, ఆవు, చూడి ఆవు, ఒట్టిపోయిన ఆవు. కోడె, గిత్త, ఎద్దు, ఆంబోతు. వయసుకొకటి, పనికొకటి. మన బతుకు సేద్యం మీద నడిచింది గనుక పశువుకు అన్ని పేర్లు వచ్చినవి. కోడికీ పిల్ల, పెట్ట, పుంజు, పొదుగుడు పెట్ట అని వున్నవి. పెట్టను గుడ్లకు వుంచి, చుట్టం వస్తే పుంజును కోయడం మన పెద్దల పద్ధతి. ఆ గుడ్ల డబ్బు ఇల్లాలి చేతి ఖర్చు. అందుచేత పెట్టకూ పుంజుకూ తేడా తెలియని పిల్ల ఆ యింట వుండేది కాదు.

మా ఆఫీసులో కన్నడ మిత్రులు పుంజును "హుంజ" అంటారు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి అయినట్టే ఇదీను. వారి "హేంటె" మన "పెంటి"కి తోబుట్టువు. రాయచూరులో తరాలుగా వున్న మనం రెండు భాషల్లోనూ ఈ మాటలు పోగొట్టుకుంటే అది రెండింతల నష్టం.

ఇది మాటల నష్టం మాత్రమే కాదు, డబ్బు నష్టం కూడా. నేడు అంగట్లో వున్నవి మూడు రకాలు. ఆరు వారాల్లో ఎదిగేది బ్రాయిలరు. జనం నోట అది "బాయిలర్" అయినది. ఏడాదిన్నర గుడ్లు పెట్టి దిగిపోయినది లేయరు; అదే ఫ్రెంచివారి పూల్. పెరట్లో తిరిగి మేసినది నాటుకోడి, ఇక్కడి మాటలో జవారి. ముదురు లేయరును జవారి అనుకుని జవారి ధర పెట్టి కొంటే నష్టమెవరిది? దాన్ని బ్రాయిలరులా అరగంటలో దించితే నమలలేక పళ్ళు నొచ్చేదెవరికి?

అట్లని లేయరును చిన్నచూపు చూడనక్కరలేదు. ప్రతి రైతు కుండలోనూ ఆదివారం నాడు ఒక కోడి వుండాలని నాలుగో హెన్రీ రాజు కోరుకున్నాడని ఫ్రెంచివారు చెప్పుకుంటారు. ఆ కథలో కోడి పులార్డ్ కాదు సుమా, ముదురు పూలే! పచ్చి బొప్పాయి ముక్క వేసి, సన్నని సెగ మీద ఓపికగా వుడికిస్తే దాని పులుసు జొన్నరొట్టెకు ఎంతో బాగుంటుంది.

కనుక అంగడికి పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఆడదా మగదా, వయసెంత, ఏమి తిని పెరిగింది? పక్కన పిల్లల్ని కూడా నిలబెట్టుకుని అడగండి. జవాబు సరిగా వస్తే డబ్బు దక్కుతుంది. రాకపోయినా పిల్లలకు నాలుగు మాటలు దక్కుతాయి.