ఆడలేక మద్దెల ఓడు

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచమంతటా పేపర్లకెక్కింది. మెసేజిలో 'జ్ఞా' కనబడితే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలుతోందని వార్తలు. తెలుగు అక్షరం ఫోన్ల పాలిట యముడైందని మనవాళ్ళే ఒకరికొకరు చెప్పుకుని పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నిజానికి మనం రోజూ రాసే 'జ్ఞానం' వల్ల ఏ ఫోనూ కూలలేదు. జకి ఞ వత్తు, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం, ఇవి ఆ వరుసలో వచ్చినప్పుడు, అక్షరాలను తెరమీద కూర్చే కోర్‌టెక్స్ట్ లైబ్రరీ మెమరీని పాడుచేసేది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని వరుసలకీ ఇదే జరిగింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేస్తూ, లోపలికొచ్చే అక్షరాలను మరింత బాగా పరీక్షించి దీన్ని సరిచేశామని చెప్పింది. అంటే తప్పు ప్రోగ్రాముది. చెడ్డపేరు తెలుగుకి.

ఇలా నిందను పక్కకి నెట్టడం మా వృత్తిలో పాత అలవాటే. 32 బిట్ల నుంచి 64 బిట్లకి మారే రోజుల్లో పైథాన్‌కో పెర్ల్‌కో సీ భాషలో రాసి తగిలించిన ఎక్స్‌టెన్షన్లు కూలినప్పుడల్లా వినబడిన మాట: "పాత మెషీన్‌లో బాగానే నడిచిందండీ, ఈ కొత్తదాంట్లోనే ఏదో తేడా!"

తేడా మెషీన్‌లో లేదు. పాత మెషీన్‌లో పూర్ణసంఖ్యకీ నాలుగు బైట్లే, మెమరీ చిరునామాకీ నాలుగు బైట్లే. ఒక ఫంక్షన్ ఏమి తిరిగిస్తుందో ముందుగా ప్రకటించకపోతే, సీ కంపైలర్ అది పూర్ణసంఖ్యే అనుకునేది. చిరునామా ఎనిమిది బైట్లయ్యాక అందులో సగం తెగిపోయింది. ఆ తెగిన చిరునామాని ఎప్పుడో, ఎక్కడో వాడబోయినప్పుడు ప్రోగ్రాము కూలింది. తెగింది ఒక చోట, కూలింది ఇంకో చోట. కూలిన చోటు చూసి తీర్పు చెప్పేవాడు డీబగ్గింగ్ చేస్తున్నట్టు కాదు.

పైగా కంపైలర్ హెచ్చరిస్తూనే ఉంది. ఆ అలవాటుని సీ ప్రమాణం 1999లోనే తీసేసింది. దాన్ని జీసీసీ తనంతట తాను తప్పుగా లెక్కగట్టింది 2024లో, 14వ వెర్షన్‌తో. పాతికేళ్ళు హెచ్చరికలు తెరమీద పారుతూ పోయాయి, చదివే నాథుడు లేక.

గడువులున్నాయి, క్లయింట్లున్నారు, ఎక్కడో వాడే లిపి కోసం అంత పరీక్ష ఎవరు చేస్తారంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలోనే ఎనిమిది కోట్లకి పైగా జనం మాతృభాష తెలుగు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టం కాదు. మా సస్కటూన్‌లో మైనస్ ముప్ఫై డిగ్రీల పొద్దున కారు స్టార్టవకపోతే ఎవరూ చలిని తిట్టరు. "రాత్రి బ్లాక్ హీటర్ ప్లగ్గు పెట్టావా?" అని అడుగుతారు. ఏటా వచ్చే చలికి సిద్ధంగా ఉండాల్సింది కారు గలవాడే.

ఈ వృత్తిలో మనవాళ్ళు కోకొల్లలు. వాళ్ళకే చెబుతున్నాను. హెచ్చరికని తప్పుగానే లెక్కగట్టండి. మీ టెస్టు డేటా ఒక్కసారి తెరవండి. అందులో జాన్ స్మిత్ ఉంటాడు. జ్ఞానప్రసూన ఉందా? లేకపోతే ఇవాళే చేర్చండి. ఆ పేరుకి మీ ప్రోగ్రాము కూలితే, పేరు మార్చుకోమని ఆమెకి చెప్పకండి.