కోడింగ్ కోసమా, గేమ్ కోసమా?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి అడిగారు: "మేడమ్, కోడింగ్ నేర్చుకోవాలంటే 30 వేల గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు మావాడు. నిజమేనా?" పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి అబ్బాయి తల దించుకున్నాడు.

నేను చెప్పేది ఇంగ్లిష్. కానీ మా తమ్ముడికి కంప్యూటర్ కొన్నప్పుడు ఈ తిప్పలన్నీ పడ్డాను కాబట్టి జవాబు తెలుసు. నిజం కాదు. స్కూల్లో నేర్పే స్క్రాచ్‌కి, పైథాన్‌కి విడిగా కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ చాలు. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే (ఐ5 12400ఎఫ్ లాగా) అందులో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600జీలో ఉంటుంది, 5600లో ఉండదు. "ఇది కొంచెం తక్కువకి వస్తుంది సార్" అని షాపతను అన్నప్పుడు ఆ చివరి అక్షరం చదవండి.

కార్డు నిజంగా పనికొచ్చేది త్రీడీ యానిమేషన్‌కి, వీడియో ఎడిటింగ్‌కి, కొత్త గేములకి. అప్పుడైనా మనం అడిగేది ఒకటే: "ఎన్ని జీబీ?" 2014 నాటి జీటీ 730 కూడా 4 జీబీలో దొరికేది, 2019 నాటి జీటీఎక్స్ 1650 కూడా 4 జీబీయే. పనిలో రెండింటికీ పోలికే లేదు. ఆర్‌టీఎక్స్ 3050 సంగతి ఇంకా తమాషా. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు, 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304. పేరు ఒకటే, తేడా మెమరీతో ఆగలేదు. అలాగని చిన్నదాన్ని తీసిపారేయకండి. అది 70 వాట్లతో నడుస్తుంది, చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఇంట్లో పాత కంప్యూటరే ఉంటే, ఎస్‌ఎంపీఎస్ మార్చే ఖర్చు లేకుండా అదే నయం కావచ్చు.

హనుమకొండలో ఒక రేటు, సికింద్రాబాద్ సీటీసీలో ఒక రేటు, ఆన్‌లైన్‌లో ఇంకోటి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నారని మురిసిపోతే, రేపు వారంటీకి ఎవరిని అడుగుతారు?

ఆ అబ్బాయికి కావలసింది గేమ్. కోడింగ్ అంటే తప్ప ఇంట్లో వినరని వాడికి తెలుసు. ఆ అబద్ధం వాడికి నేర్పింది మనమే, మా టీచర్లతో సహా. గేమ్ అనే మాటను అంత పాపం చేసి పెట్టాం. మీ పిల్లలు అడిగితే వెంటనే వద్దనకండి, సరేననీ అనకండి. రెండు కార్డులు పోల్చి, ధర, కరెంటు, వారంటీతో ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయమనండి. ఎందుకు కావాలో నిజం రాయాలి. దిద్దే పని నాది.

ఆ అబ్బాయి రాసి తెచ్చాడు. మొదటి లైన్‌లోనే గేమ్స్ కోసం అని ఉంది. 3050, 6 జీబీ ఎంచుకున్నాడు. నాన్న ఇంకా కొనలేదు, వేసవి సెలవుల్లో చూద్దామన్నారట. 'పవర్‌ఫుల్'కి చివర రెండు ఎల్‌లు రాశాడు. ఒకటి కొట్టేశాను.