భయముతోడి యడుగు

కౌరవసేనను జూచి రథము దిగి పాఱిన యుత్తరకుమారునిఁ దలఁచి నవ్వనివారెవరు? మేమును నవ్వితిమి, చీఁకటిలోఁ బెరటికిఁ బోవ జంకిన మా చిన్నవాని నుత్తరుఁడనియే పిలిచితిమి.

ఆంగ్ల రచయిత టోల్కీను 1937లో వెలువరించిన ‘హాబిట్’ అను నద్భుతకథను జదివినపిదప సిగ్గుపడితిమి. అందలి బిల్బో సుఖమరిగిన గృహస్థు. చేతిరుమాలు మఱచి వచ్చితినని దారిలో వగచినవాఁడు. అట్టివాఁడు సొరంగమున నొంటిగాఁ బోవుచు, నిప్పులు గ్రక్కు మహాసర్పము గుఱక విని నిలిచిపోయెను. పిమ్మట ముందునకే యడుగిడెను. సర్పమును జూడకమున్నే వేసిన యా యడుగే యతని సాహసములలో మిన్న యని గ్రంథకర్త నిర్ణయము. భయము పోలేదు, భయముతోడనే నడచెను.

అర్జునుఁడును నుత్తరుని విడిచిపుచ్చలేదు. పట్టి తెచ్చి, యూఱడించి, పగ్గములు చేతికిచ్చెను. నిన్నరాత్రి మేము దీపము పట్టుకొని గడపలో నిలిచితిమి. చిన్నవాఁడు పెరటికిఁ బోయి వచ్చెను.