రిపోర్టు వచ్చింది... తర్వాత?

పులిరాజా గుర్తున్నాడా? ఇరవై ఏళ్ల క్రితం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ కూడలిలో చూసినా ఆయన హోర్డింగే. ఆయనకు ఎయిడ్స్ వస్తుందా, రాదా అని రాష్ట్రమంతా మాట్లాడుకుంది. వస్తే ఏం చేయాలన్నది మాత్రం అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. పులిరాజా భార్య సంగతి అసలెవరూ అడగలేదు.

ఆ భార్య మన పాలమూరులోనూ ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, గుంపు మేస్త్రీ వెంట ముంబయికో పుణెకో వలస పోవడం పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటికీ తెలిసిన బతుకే. వలస పోయినవాళ్లందరికీ జబ్బు అంటగట్టడం నా ఉద్దేశం కాదు. జబ్బు ఊళ్లో ఉన్నవాళ్లకూ వస్తుంది. నేను చెప్పేది వేరే సంగతి. ఆడది కడుపుతో ఉండి ఆసుపత్రికి పోతే మిగతా రక్త పరీక్షలతో పాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేస్తారు. మొగుడికి అలాంటి సందర్భమే రాదు. అందుకని ఇంట్లో ముందు తెలిసేది ఆమెకే. ముందు తెలిసింది కాబట్టి ముందు తెచ్చింది కూడా ఆమేనంటారు! ఆ మాట పడలేక ఎందరో రిపోర్టును కొంగున ముడేసుకుని మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. జబ్బుకు మందుంది. ఆమెను మందు దాకా పోనివ్వనిది ఆ మాటే.

అందుకే రిపోర్టు వచ్చాక ఏం జరుగుతుందో వరసగా చెప్పుకుందాం. తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

మొదటి సంగతి: ఒక్క పరీక్షతో తేల్చేయరు. ప్రభుత్వ కేంద్రాల్లో మూడు రకాల పరీక్షలు చేసి, మూడూ ఒకే మాట చెబితేనే ఉందంటారు. పరీక్షకు ముందు మన ఒప్పుకోలు తీసుకోవాలి. తర్వాత కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. అప్పుడు బుర్ర పనిచేయదు, నిజమే. ఏమీ గుర్తుండకపోతే మళ్లీ వెళ్లి అడగండి, చెప్పడం వాళ్ల పని.

అక్కడినుంచి ఎ.ఆర్.టి. కేంద్రానికి పంపుతారు. పేరు రాసుకుని ఒక నంబరు, ఒక పుస్తకం ఇస్తారు. బరువు చూస్తారు. రక్తం శాతం, లివరు, కిడ్నీలు, షుగరు, కామెర్లు, సుఖవ్యాధుల పరీక్షలు చేస్తారు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఎంతుందో చెప్పే సి.డి.4 పరీక్ష కూడా ఉంటుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు ఉన్నాయా అని పోయినప్పుడల్లా అడుగుతారు. విసుక్కోకండి, అది టి.బి. కోసం. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది టి.బి.నే.

ఒకప్పుడు సి.డి.4 తగ్గేదాకా ఆగమనేవారు. 2017 నుంచి ఆ పద్ధతి పోయింది. ఉందని తేలితే సి.డి.4 ఎంతున్నా మందు మొదలుపెట్టాల్సిందే. ఈ మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. తొలి విడత రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అప్పట్లో పూటపూటా మాత్రలు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్కటే మాత్ర, అందులోనే మూడు మందులు. మొదటి వారాల్లో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. చాలామందికి తగ్గిపోతాయి. తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి గానీ మన అంతట మనం మాత్ర మానకూడదు. ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పండి. రెంటికీ మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలో వాళ్లు చెబుతారు. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం.

ఆరు నెలలకు వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష అది. ఏడాదికి మళ్లీ, ఆ తర్వాత ఏటా ఒకసారి. మందు క్రమం తప్పకుండా వాడితే వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం సంసారం వల్ల భాగస్వామికి సోకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకున్న మాట ఇది. మాత్రలు మానేస్తే మళ్లీ లేస్తుంది, పైగా ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. పూర్తిగా నయం చేస్తామనే పసరు మందుల వాళ్ల మాట విని మానేసినవాళ్లు నష్టపోయేది ఇందుకే.

మరి బిడ్డో? ఏ చికిత్సా లేకపోతే తల్లినుంచి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. తల్లి మందు వాడితే, పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు మందు పోస్తే అది నూటికి అయిదులోపే. మందు తప్పని తల్లి చనుబాలు ఇవ్వచ్చు. మొదటి ఆరు నెలలూ తన పాలు మాత్రమే, డబ్బాపాలు కలపకుండా. బిడ్డకు ఆరు వారాలప్పుడు తొలి పరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరిది. ఇంకొకటి మనవాళ్లెవరూ చెప్పుకోనిది. హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. ఆ పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి.

ఇన్ని ఉన్నా ఎందుకు మానేస్తున్నారు? కథలు రాస్తానని తెలిసి ఆడవాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడతారు. వాళ్లలో ఒకామె అన్నమాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మందులు తెచ్చుకుంటున్నక్కా, ఇంట్ల యాడ పెట్టాల్నో తెలుస్తలేదు. బియ్యం డబ్బాల పెడితే అత్త చేయి పెడతది." పండక్కి ఇంటినిండా చుట్టాలొస్తే ఆ నాలుగు రోజులూ ఆమెకు మాత్ర లేదు!

దగ్గరి ఆసుపత్రికి పోతే ఎవరైనా చూస్తారని కర్నూలుకో రాయచూరుకో పోయేవాళ్లున్నారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రిలో ఎ.ఆర్.టి. కేంద్రం ఉంది. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. దూరం పోవడం తప్పు కాదు గానీ, చార్జీలకు లేక మందు ఆగిపోతే మాత్రం తప్పే. ఆరోగ్యం కుదుటపడ్డాక ఒకేసారి కొన్ని నెలల మందు ఇస్తారు, అడగండి. మొగుడితో వలస పోవాల్సి వస్తే ముందే కేంద్రంలో చెప్పి, పుస్తకం వెంట పెట్టుకుని, పోయే ఊరికి మార్పించుకోండి. మీకు దగ్గరలో ఏ కేంద్రం ఉందో 1097కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా చెబుతారు.

చట్టం కూడా మన వెనక ఉంది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం జబ్బు ఉందని ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటుదైనా వైద్యం చేయననడానికి వీల్లేదు. మన సంగతి మన ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదు. భార్యకో భర్తకో డాక్టరు చెప్పాల్సి వచ్చే సందర్భాలున్నా, చెబితే ఆడమనిషిని కొడతారనో వదిలేస్తారనో అనుమానం ఉంటే చెప్పకూడదని కూడా చట్టంలో ఉంది. ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టే హక్కు అత్తామామలకు లేదు. మందు వాడేవాళ్లకు పింఛను కూడా ఉంది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు.

ఇవన్నీ ఆమెకే కాదు, ఆమె అత్తకూ తోడికోడలికీ తెలియాలి. కలిసి తింటే సోకదు, ఒకే పడక గదిలో పడుకుంటే సోకదు, బట్టలు ఉతికితే సోకదు. కోడలికి జబ్బుందని తేలితే కొడుకునూ పరీక్షకు తోలండి, ఎవరు తెచ్చారో తేల్చడానికి కాదు, అతనికీ మందు కావాలేమోనని. ఆ మాత్రల డబ్బా బియ్యంలో దాచుకునే అగత్యం లేకుండా, బి.పి. మాత్రల పక్కన అలమరలో కాస్త చోటివ్వండి. రోజూ వేళకు "మాత్ర వేసుకున్నావా?" అని అడగండి. డాక్టరు చేయలేని ఆ ఒక్క పనీ మన ఇంట్లోనే జరగాలి.