అవతరణోత్సవ నిధులు: తాళపుచెవి ఎవరిది?

రాష్ట్ర అవతరణ దినం సమీపించినప్పుడెల్లా మన కళాశాలలో ఒక చర్చ మొదలవుతుంది. 1956 నవంబరు 1 నుండి లెక్కిస్తే 2026 నవంబరు 1 నాటికి డెబ్బది ఏండ్లు. ఇట్టి నిండు సంఖ్య ఎదుట ఉన్నప్పుడు ఏదో ఒకటి కట్టాలన్న కోరిక పెద్దలకు కలగడం సహజం. పాలకవర్గంలో కొందరు మాన్యులు కళాశాల ముఖద్వారం వద్ద ఒక స్మారకపు కమాను నిలపాలని, అందుకు ప్రభుత్వ సహాయం కోరాలని అభిప్రాయపడుతున్నారు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు గ్రంథాలయంలో కూర్చోవడానికి చోటు చాలడం లేదని, ఒక పఠన మందిరం కావాలని అడుగుతున్నారు. మేము విద్యార్థుల పక్షం వారమని ముందుగానే మనవి చేసుకుంటున్నాము. అయితే కమాను అందంగా ఉండదని మా వాదన కాదు. ఇట్టి పనులకు ఎవరు ఏ నియమంపై అనుమతి ఇస్తారు, డబ్బు ఎట్లు వస్తుంది, వచ్చిన తరువాత ఆ కట్టడం ఎవరిది అవుతుంది అన్న విషయాలు తెలుసుకోకుండా దరఖాస్తు వ్రాయవద్దని మాత్రమే మా కోరిక.

దీనికి ఒక స్వానుభవం కారణం. 2006లో ఆంధ్రప్రదేశ్ అవతరణ స్వర్ణోత్సవం వచ్చినప్పుడు మేము పాఠశాల విద్యార్థులం. మా ఊరిలో పెద్దలు చందాలు వసూలు చేశారు. కొంత సొమ్ము పైనుండి కూడా వచ్చింది. ఇటుకలు మోసిన పిల్లలలో మేమూ ఉన్నాము. ఊరి నడుమ చిన్న చదువుల గది లేచింది. గోడకు నల్లరాతి పలక, దానిపై దాతల పేర్లు, అందులో మా తండ్రిగారి పేరు కూడా. ప్రారంభోత్సవం నాడు మిఠాయి పంచారు. ఆ తరువాత పత్రికల బిల్లు నెలనెలా ఎవరు చెల్లించాలో, సాయంకాలం తలుపు ఎవరు తీయాలో ఎవరికీ తెలియలేదు. తాళపుచెవి కొన్నాళ్లు ఒకరి ఇంటిలో, కొన్నాళ్లు మరొకరి ఇంటిలో ఉండి, చివరకు ఎరువుల బస్తాలు దించుకున్న ఒకాయన చేతికి పోయింది. రాతిపలక మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. మా తండ్రిగారు ఆ దారిన పోవలసి వచ్చినప్పుడు ఎందుచేతనో వీధి మార్చి వెళ్లేవారు.

ఆ గదికి అనుమతి ఇచ్చిన వారు స్థలం అడిగారు, అంచనా అడిగారు, తీర్మానం అడిగారు. తాళం సంగతి అడగలేదు.

ఇక ఉత్సవం అన్నప్పుడు ఏ తేదీ అన్న ప్రశ్న కుప్పం వారికి ఇతరులకంటె ఎక్కువగా వర్తిస్తుంది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు అందులో చేరింది. కాబట్టి మన తాతల దృష్టిలో రాష్ట్రం మారిన రోజు అదే. 1956లో హైదరాబాదు రాజధాని అయింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు అమలై తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు మనకు వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. ఆ తరువాత కొన్నేండ్లు నవంబరు 1 ఉత్సవాన్ని మన ప్రభుత్వం నిర్వహించలేదు. జూన్ నెలలో నవనిర్మాణ దీక్ష జరిగేది. 2019లో మరల నవంబరు 1 వచ్చింది. ఏ ప్రభుత్వానిది తప్పు, ఏది ఒప్పు అని విచారించడం ఈ వ్యాసం పని కాదు. తేదీలు మారుతుంటాయి కనుక తేదీని నమ్ముకొని కట్టిన కట్టడం ఆ తేదీతోపాటే పాతబడుతుందని మాత్రం గ్రహించాలి. కమాను మీద ఒక సంవత్సరం చెక్కుతాము. పఠన మందిరానికి వచ్చే పిల్లవాడు ఏ సంవత్సరంలో వచ్చినా అతనికి కావలసింది కుర్చీ, వెలుతురు, పుస్తకం.

ఉత్సవ నిధులు రెండు మార్గాలలో నడుస్తాయి. ఒకటి పైనుండి కార్యక్రమం నిర్ణయించి క్రిందికి సొమ్ము పంపడం. 2023లో తెలంగాణ దశాబ్ది ఉత్సవాలు జూన్ 2 నుండి 22 వరకు ఇరువది యొక్క దినాలు జరిగాయి. అందుకై కలెక్టర్లకు 105 కోట్ల రూపాయలు విడుదల చేస్తున్నట్లు ప్రకటించారు. ప్రతి దినానికి ఒక విషయం. జూన్ 8న ఊరూరా చెరువుల పండుగ, చివరి దినం హైదరాబాదులో అమరవీరుల స్మారక ఆవిష్కరణ. ఏర్పాటు చక్కనిదే. ఒకే దినం రాష్ట్రమంతటా చెరువు కట్ట మీద జనం కూడడం సామాన్య విషయం కాదు. కాని ఆ మార్గంలో ఊరు అడగవలసినదేమీ ఉండదు, వచ్చినదానిని జరపడమే ఉంటుంది.

రెండవ మార్గానికి ఉదాహరణగా కెనడా దేశపు శతాబ్ది ఉత్సవం 1967లో జరిగిన తీరు చెప్పుకోవచ్చు. అక్కడ కేంద్ర ప్రభుత్వం జనాభాలో తలకు ఒక డాలరు చొప్పున ఇస్తామన్నది. రాష్ట్రం అంతే ఇవ్వాలి, ఊరి పురపాలక సంస్థ కూడా అంతే వేసుకోవాలి. ఆ డబ్బుతో శాశ్వతంగా నిలిచే ప్రజోపయోగకరమైన పని ఏదైనా ఆ ఊరే ఎంచుకోవచ్చు. గ్రంథాలయాలు, క్రీడాశాలలు, సభామందిరాలు, ఉద్యానాలు వందల సంఖ్యలో లేచాయి. ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినప్పుడు వింతలూ ఉంటాయి. ఆల్బర్టా రాష్ట్రంలోని సెయింట్ పాల్ అనే చిన్న ఊరివారు ఆ శతాబ్ది సందర్భంగా ఆకాశం నుండి వచ్చే ఎగిరే పళ్లేల కోసం దిగుడు వేదిక కట్టారు! నవ్వు వచ్చినా వారిని మేము తప్పు పట్టము. నేటికీ ఆ వేదికను చూడడానికి జనం వస్తారు, ఆ ఊరివారు దానిని శుభ్రంగా ఉంచుకుంటారు. తాళం సంగతి వారికి తెలుసునన్నమాట.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2016లో ద్విశతాబ్ది జరుపుకొన్నది. అక్కడ వారసత్వ పథకాలు అనే పేరుతో ప్రజలే తలపెట్టిన పనులకు ఉత్సవ సంఘం గుర్తింపు ఇచ్చింది. ఆ రాష్ట్రంలోని 92 కౌంటీలలోను కలిపి అట్టివి 1,600కు పైగా నమోదయ్యాయి. ఇందులో మనం నేర్చుకోవలసిన సూక్ష్మం ఉన్నది. గుర్తింపు వేరు, నిధి వేరు. గుర్తింపు పొందిన పనికి సొమ్ము వస్తుందన్న పూచీ లేదు. చాలామంది తమ నిధి తామే కూర్చుకున్నారు. అయినా ఆ గుర్తింపు చూపి దాతలను అడగడానికి వీలు కలిగింది. మన ఊళ్లలో ఈ రెంటినీ ఒకటిగా భావించి, మంజూరు కాకపోతే పనినే వదిలిపెట్టే అలవాటు ఉన్నది.

మన దేశంలో ప్రత్యేకమైన ఉత్సవ నిధి లేనిచోట పెద్దలు తట్టే తలుపు సాధారణంగా పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం. ఇది 1993 డిసెంబరులో ప్రారంభమైంది. 2011-12 నుండి సభ్యునికి ఏడాదికి 5 కోట్లు. సభ్యుడు సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా అధికారి. ఈ భేదం తెలియక సభ్యుని లేఖ చేతికి రాగానే పునాది రాయి వేసిన సంఘాలున్నాయి. రిజిస్టరు అయిన సంఘమో ట్రస్టో అయితే మూడేండ్లుగా సేవాకార్యాలలో ఉండి ఉండాలి. పూజా ప్రార్థనా స్థలాల లోపల గాని, మతసంస్థల భూమిలో గాని పనులకు ఆ నిధి వాడరాదు. మన సమాజం వారు ఈ చివరి నియమాన్ని ముఖ్యంగా గమనించాలి. మసీదు ప్రాంగణంలో చదువుల గదికి ఆ నిధి అడిగితే తిరస్కారం తప్పదు. అది వివక్ష కాదు, గుడికైనా చర్చికైనా అదే నియమం. స్థలం పత్రాలు ముందుగా చూసుకుంటే ఆ నిష్ఠూరం ఉండదు.

అదే పథకపు మార్గదర్శకాలలో మాకు మిక్కిలి నచ్చిన వాక్యం ఒకటి ఉన్నది. పని మంజూరు చేయడానికి ముందే, దానిని వాడుకొనబోయే సంస్థ నుండి నిర్వహణ, మరమ్మతుల గురించి గట్టి హామీ తీసుకోవాలన్నది దాని భావం. తాళపుచెవి ప్రశ్న ప్రభుత్వం ఎప్పుడో అడిగిందన్నమాట. వచ్చిన చిక్కల్లా మనం ఆ హామీని ఒక సంతకంగా భావించడంలో ఉన్నది. ఇంకొక సంగతి. పని పూర్తయిన చోట ఖర్చు, తేదీలు, సభ్యుని పేరు గల పలక పెట్టాలని కూడా ఆ మార్గదర్శకాలే అంటాయి. ఈ రెండవ నియమం ఉల్లంఘించిన వారిని మేము ఇంతవరకు చూడలేదు.

కేంద్ర ప్రభుత్వపు గ్రాంటు తీసుకుంటే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోపు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ డబ్బుతో ఏర్పడిన ఆస్తిని అనుమతి లేకుండా అమ్మరాదు, వేరొక పనికి వాడరాదు. గ్రాంటుతో కట్టిన పఠన మందిరాన్ని రేపు పరీక్షల గదిగానో సామాను కొట్టుగానో మార్చుదామంటే కుదరదని పాలకవర్గం వారు ఇప్పుడే మనసులో పెట్టుకోవాలి.

స్థానికుల వాటా గురించి మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 1997 జనవరిలో ప్రారంభమైన జన్మభూమి కార్యక్రమంలో ప్రజల వాటాను నగదుగానే గాక శ్రమగాను, సామగ్రిగాను స్వీకరించారు. మేము అప్పటికి చిన్నపిల్లలం, కాని ఆ గంపలు, పారలు జ్ఞాపకం. వాటా ఉంటే ఊరికి మమకారం ఉంటుందన్నది నిజమే. అయితే నగదు మాత్రమే వాటా అన్నప్పుడు సంపన్నుల వీధికి పని దక్కుతుంది, బీడీలు చుట్టే ఇండ్ల వీధికి దక్కదు. కెనడా లెక్క తలకు ఒక డాలరు గనుక చిన్న ఊరికి చిన్న వాటా పడింది. మనం కూడా దినకూలీ చేసుకునే తండ్రి ఇచ్చే ఒక ఆదివారపు పనిని ఆ దినపు కూలి రేటు ప్రకారం పుస్తకంలో జమ వేసుకోవాలి. దాత పేరు పలకమీదికి ఎక్కినట్లే అతని పేరు కూడా ఎక్కాలి.

ఇక భాష. దరఖాస్తు, మంజూరు, ఖర్చు, జమ, వసూలు, హామీ, రసీదు, ఆఖరుకు కమాను కూడా ఉర్దూ, పారశీకాల ద్వారా తెలుగు నోటిలో స్థిరపడిన మాటలే. నిధుల భాష అంతా మన ఇంటి భాష అయి ఉండగా, నియమాల కాగితం మాత్రం మన తల్లులు చదవలేని భాషలో వస్తున్నది. 2022 మార్చిలో శాసనసభ ఆమోదించిన సవరణతో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా లభించింది. ఆ హోదా సన్మానపత్రాలకు పరిమితం కాక నియమావళికి అందాలని మేము కోరుతున్నాము. తమిళ, కన్నడ సీమలు కలిసే ఈ మూలలో ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1997లో పొరుగు రాష్ట్రాల సహకారంతో ఇక్కడే ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారంటే, నాలుగు భాషలు ఒక చోట కూర్చొనగలవన్న నమ్మకమే గదా కారణం.

లెక్కల సంగతి మన రాష్ట్రం ఇతరులకు నేర్పినదే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైంది. ఆ పనులపై సామాజిక తనిఖీ జరిపి, మస్టరులోని పేర్లను ఊరి నడుమ బిగ్గరగా చదివే పద్ధతి మన రాష్ట్రంలో పాదుకొన్నది. 2009లో దానికి ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. కూలివాని నూరు రూపాయలకు ఉన్న ఈ తనిఖీ ఉత్సవపు పందిరికి ఎందుకు ఉండరాదు? మన కళాశాల పని ఏదైనా ముగిసిన తరువాత ఖర్చు పద్దును వార్షికోత్సవ సభలో ఉర్దూలోను తెలుగులోను చదివి వినిపించాలని ప్రతిపాదిస్తున్నాము. వినేవారు విసుగుకుంటారని ఒక మిత్రులు అన్నారు. విసుగుకున్నా ఫరవాలేదు, ముషాయిరాకు ముందు చదివితే ఎవరూ లేచిపోరు.

కమానుకు అయ్యే ఖర్చును పాలకవర్గం వారు అంచనా వేయించారు. పఠన మందిరానికి ఎవరూ వేయించలేదు కనుక మేమూ విద్యార్థులూ కలిసి ఒక ముసాయిదా తయారు చేశాము. గ్రంథాలయం వెనుక ఉన్న ఖాళీ స్థలం, దాని పత్రాల నకలు, బల్లలు, రెండు భాషల పత్రికలకు మూడేండ్ల చందా, దీపాల ఖర్చు, శ్రమదానపు గంటలు అందులో ఉన్నాయి. కమాను వద్దనుకుంటే పెద్దల మనసు నొచ్చుతుందని తెలుసు. అందుచేత మందిరం గుమ్మానికే చిన్న కమాను ఆకారం పెట్టించవచ్చునని కూడా వ్రాశాము. ఒక గడి మాత్రం ఖాళీగా ఉన్నది. సాయంకాలం అయిదు నుండి ఎనిమిది వరకు తలుపు తీసి, మూసి, తాళపుచెవి భద్రపరచే విద్యార్థుల పేర్లు అక్కడ ఉండాలి. ప్రతి సంవత్సరం ఇద్దరు, ఉర్దూ శాఖ నుండి ఒకరు, తెలుగు శాఖ నుండి ఒకరు. ఆ గడి నిండిన తరువాతనే ముసాయిదాను పాలకవర్గం వారి ఎదుట ఉంచుతాము.