అనుమతి పెంచితే ఆయుష్షు పెరుగుతుందా?

2025 జులై 24న రష్యాలోని టిండా దగ్గర ఆంటనోవ్-24 విమానం కూలి, అందులోని 48 మందీ చనిపోయారు. 1976లో తయారైన ఆ ప్రొపెల్లర్ విమానానికి 2036 వరకు ఎగిరే అనుమతి ఉంది!

పాతదైనంత మాత్రాన విమానం కూలిపోదు. తనిఖీలు, విడిభాగాలు సరిగ్గా ఉంటే దశాబ్దాలు ఎగురుతుంది. అసలు చిక్కు, దాని స్థానంలోకి వచ్చేది లేకపోవడమే. 2022 ఆంక్షలతో పశ్చిమ దేశాల విమానాలు కొనే దారి మూసుకుపోయింది.

1990లో తొలిసారి ఎగిరి, తాష్కెంట్‌లో కొన్నే తయారై ఆగిపోయిన ఇల్యూషిన్-114ను కొత్త ఇంజిన్లతో మళ్లీ తెస్తున్నారు. కొత్త రకం 2020 డిసెంబరులో ఎగిరింది. కానీ అదే కుటుంబం ఇంజిన్లున్న ఇల్యూషిన్-112వి 2021 ఆగస్టులో కూలడంతో పని వెనకబడింది.

రోడ్డు, రైలు లేని సైబీరియా ఊళ్లలో ఆస్పత్రికి వెళ్లాలన్నా పాత విమానమే దిక్కు. కాగితం మీద గడువు పెంచడం ఒక్క సంతకం పని. డిజైన్‌ను బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల రిస్కు మోసేది మాత్రం ప్రయాణికులే.